సంఖ్య నుండి హక్కుకు: సంగారెడ్డి – పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో స్త్రీల పునరుత్పత్తి ఆరోగ్యం, శాసనకర్తల పాత్ర

వ్యాస సంగ్రహం

స్వాతంత్ర్యానంతరం స్త్రీల ప్రసూతి, గర్భనిరోధం, గర్భవిచ్ఛిత్తి విషయాల్లో పార్లమెంటు, రాష్ట్ర శాసనసభలు అనేక చట్టాలు చేశాయి. ఇవి సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంత శ్రామిక స్త్రీల జీవితాలను ఎంతవరకు చేరాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. శాసనకర్తలు చాలాకాలం స్త్రీ శరీరాన్ని జనసంఖ్య లెక్కలో భాగంగా చూశారని, హక్కుగా గుర్తించే దృష్టి ఆలస్యంగా, అదీ అధికంగా న్యాయస్థానాల ద్వారా వచ్చిందని ప్రతిపాదిస్తుంది. చట్టం ఆమోదం పొందిన తరువాత శాసనకర్త చేయవలసిన పర్యవేక్షణే ఈ ప్రాంతంలో ప్రధానమైన లోటని నిరూపించడానికి ప్రయత్నిస్తుంది.

కీలక పదాలు: పునరుత్పత్తి హక్కులు, ప్రసూతి ప్రయోజనం, ఇద్దరు పిల్లల నిబంధన, గర్భసంచి తొలగింపు, పటాన్‌చెరు, చట్టసభల పర్యవేక్షణ.

1. ఉపోద్ఘాతం

ఎప్పుడు వివాహమాడాలి, ఎందరు పిల్లలను కనాలి, గర్భాన్ని ఉంచుకోవాలా వద్దా, ఏ శస్త్రచికిత్సకు అంగీకరించాలి అన్నవి స్త్రీ జీవితంలో అత్యంత వ్యక్తిగతమైన నిర్ణయాలు. అయినా వీటిలో ఏ ఒక్కటీ చట్టసభ పరిధికి వెలుపల లేదు. వివాహ వయస్సును, ప్రసూతి సెలవును, గర్భవిచ్ఛిత్తికి గడువును నిర్ణయించినది శాసనకర్తలే. కొంతకాలం పాటు గ్రామ సర్పంచ్ కావడానికి ఎందరు పిల్లలుండవచ్చో నిర్ణయించినదీ వారే.

ఈ చట్టాల చరిత్రను సాధారణంగా ఢిల్లీ కేంద్రంగా చెప్పుకోవడం పరిపాటి. అయితే చట్టం ఫలితాన్ని కొలవడానికి అది అమలు కావలసిన చోటు నుండి చూడటం అవసరం. ఒకవైపు భారీ కర్మాగారాలు, మరోవైపు మెట్ట వ్యవసాయంపై ఆధారపడిన గ్రామాలు కలిగిన సంగారెడ్డి ప్రాంతం అటువంటి పరిశీలనకు అనువైనది.

2. ప్రాంతీయ నేపథ్యం

2016 అక్టోబరు 11న సంగారెడ్డి ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. అంతకుముందు ఈ పట్టణం మెదక్ జిల్లాకు కేంద్రం. హైదరాబాదుకు ఆనుకొని ఉన్న రామచంద్రాపురంలో 1960ల్లో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం, 1972లో పటాన్‌చెరు వద్ద ఇక్రిశాట్ ఏర్పడ్డాయి. 1973లో రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఆవిర్భవించిన తరువాత పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, కాజీపల్లి పారిశ్రామికవాడలు విస్తరించాయి. వీటిలో ఔషధ ముడిసరుకులు, రసాయనాల పరిశ్రమలు ప్రధానమైనవి. నక్కవాగు ద్వారా మంజీరలోకి చేరిన వ్యర్థాలపై 1990లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. ఈ ప్రాంత ఆరోగ్య సమస్య జాతీయ స్థాయికి చేరింది ఆ వ్యాజ్యంతోనే.

చట్టసభల ప్రాతినిధ్యం రీత్యా కూడా మెదక్ స్థానానికి ప్రత్యేకత ఉంది. మొదటి లోక్‌సభలో ఈ స్థానానికి వృత్తిరీత్యా వైద్యుడైన ఎన్.ఎం. జయసూర్య ప్రాతినిధ్యం వహించారు. ఈయన సరోజినీ నాయుడు కుమారుడు. 1967లో సంగం లక్ష్మీబాయి ఇక్కడి నుండి గెలిచారు. 1980లో ఇందిరాగాంధీ ఇక్కడి నుండే లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఒక వైద్యుడు, ఒక మహిళా సంఘసేవకురాలు, ఒక ప్రధానమంత్రి ప్రతినిధులుగా ఉన్న నియోజకవర్గమిది. ఈ ప్రాంతానికి ప్రాతినిధ్యం కొరవడిందని చెప్పడానికి వీలులేదు. కొరవడిందేమిటో చట్టాలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే తెలుస్తుంది.

3. ప్రసూతి ప్రయోజనం: చట్టం, హాజరుపట్టీ

1948 నాటి కార్మిక రాజ్య బీమా చట్టం, 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం శ్రామిక స్త్రీకి ప్రసవ కాలంలో వేతనంతో కూడిన విశ్రాంతిని హక్కుగా గుర్తించాయి. మొదట పన్నెండు వారాలుగా ఉన్న సెలవు 2017 సవరణతో ఇరవై ఆరు వారాలకు పెరిగింది.

అయితే రెండు చట్టాల నిర్మాణంలో మౌలికమైన తేడా ఉంది. బీమా చట్టం కింద ప్రసూతి భృతిని ఉమ్మడి నిధి భరిస్తుంది. 1961 చట్టం కింద ఆ భారం పూర్తిగా యజమానిది. భారం ఒక్క యజమానిపైనే పడినప్పుడు స్త్రీలను నియమించకపోవడమే అతనికి లాభంగా కనిపించే ప్రమాదముంది. 2017లో సెలవు కాలాన్ని రెట్టింపునకు మించి పెంచిన పార్లమెంటు, ఆ వ్యయంలో ప్రభుత్వ వాటా ఏమిటన్న ప్రశ్నను పరిష్కరించలేదు.

రెండవ అవరోధం అర్హత నిబంధన. 1961 చట్టం ప్రకారం ప్రసవానికి ముందు ఏడాదిలో మొదట నూట అరవై రోజులు, 1988 సవరణ తరువాత ఎనభై రోజులు పనిచేసి ఉండాలి. బీమా పథకంలో కనీసం డెబ్బై రోజుల చందా చెల్లింపు అవసరం. స్థిరమైన ఉద్యోగికి ఇది చిన్న షరతు. కాంట్రాక్టరు ద్వారా పనిలో చేరి, కొన్ని నెలలకొకసారి మరొక కాంట్రాక్టరు కిందికి మారే కార్మికురాలికి పనిచేసిన రోజులను రుజువు చేసుకోవడమే సమస్య. రామచంద్రాపురంలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది, చట్టమూ ఉంది. హాజరుపట్టీలో పేరు లేని స్త్రీకి మాత్రం రెండూ దూరమే.

దినకూలీపై మస్టరు రోలులో ఉన్న స్త్రీలకు కూడా ప్రసూతి ప్రయోజనం వర్తిస్తుందని 2000 మార్చి 8న ఢిల్లీ నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చట్టంలో ఉన్న హక్కును నిరుపేద కార్మికురాలికి చేర్చడానికి నలభై ఏళ్ల తరువాత న్యాయస్థానం జోక్యం చేసుకోవలసి వచ్చింది.

శిశు సంరక్షణ గదుల విషయంలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. 1948 కర్మాగారాల చట్టం యాభై మందికి మించి స్త్రీలు పనిచేసే చోట ఈ గదిని తప్పనిసరి చేసింది. 1976లో ఆ పరిమితి ముప్పైకి తగ్గింది. స్త్రీల సంఖ్యనే ప్రాతిపదికగా తీసుకోవడంతో, ఆ సంఖ్యను పరిమితి దాటకుండా ఉంచుకునే వీలు యజమానికి ఏర్పడింది. 2017 సవరణ స్త్రీపురుషులన్న భేదం లేకుండా యాభై మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థకూ ఈ బాధ్యతను విస్తరించి, ఆ లోపాన్ని కొంత సరిదిద్దింది.

4. గర్భవిచ్ఛిత్తి చట్టం: స్త్రీ నిర్ణయమా, వైద్యుని అభిప్రాయమా?

గర్భవిచ్ఛిత్తి చట్టబద్ధం కావడంలో ఒక తెలుగు శాసనకర్త పాత్ర ముఖ్యమైనది. రాజమహేంద్రవరంలో 1918లో జన్మించిన జనాభా శాస్త్రవేత్త శ్రీపతి చంద్రశేఖర్ 1967లో కేంద్ర ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖ మంత్రి అయ్యారు. 1964లో నియమితమైన శాంతిలాల్ షా సంఘం సురక్షితం కాని గర్భస్రావాల వల్ల స్త్రీలు మరణిస్తున్న తీరును పరిశీలించి, చట్ట సంస్కరణను సూచించింది. ఆ సిఫార్సుల ఆధారంగా 1969లో బిల్లు రాజ్యసభ ముందుకు వచ్చింది. 1971లో చట్టమై 1972 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది.

అనేక దేశాల కంటే ముందుగా వచ్చిన ఈ చట్టం ఎందరో స్త్రీల ప్రాణాలను కాపాడింది. అయితే దాని వెనుక రెండు ఆలోచనలు కలిసి నడిచాయి. ఒకటి స్త్రీ ఆరోగ్య రక్షణ, రెండవది జనాభా నియంత్రణ. చట్టం నిర్ణయాధికారాన్ని స్త్రీకి ఇవ్వలేదు. సద్భావనతో ఏర్పరచుకున్న వైద్యుని అభిప్రాయానికి ఇచ్చింది. గర్భనిరోధక సాధనం విఫలమైన సందర్భాన్ని వివాహిత స్త్రీకి మాత్రమే వర్తింపజేసింది. 2021 సవరణ ఆ నిబంధనలో స్త్రీ, ఆమె భాగస్వామి అన్న మాటలను చేర్చి, కొన్ని వర్గాల స్త్రీలకు గడువును ఇరవై నాలుగు వారాలకు పెంచింది. సంతానం విషయంలో నిర్ణయం తీసుకునే స్వేచ్ఛ రాజ్యాంగంలోని 21వ అధికరణంలో భాగమని సుప్రీంకోర్టు సుచిత శ్రీవాస్తవ కేసులో 2009లో ప్రకటించింది. 2022లో అవివాహిత స్త్రీలకూ సమాన అవకాశం ఉందని తీర్పునిచ్చింది. హక్కు అన్న భాష న్యాయస్థానంలో స్థిరపడినంతగా చట్ట పాఠంలో నేటికీ స్థిరపడలేదు.

5. 1994: ఒకే ఏడాది, రెండు దారులు

అత్యవసర పరిస్థితి కాలంలో, 1976–77లో, దేశంలో సుమారు 82 లక్షల కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. వీటిలో అత్యధికం పురుషులవి. ఆ నిర్బంధంపై 1977లో వచ్చిన ప్రజాగ్రహం రాజకీయ నాయకత్వానికి ఒక పాఠం నేర్పింది. తరువాత పురుషుల శస్త్రచికిత్సలు తగ్గిపోయి, కార్యక్రమ భారం మొత్తం స్త్రీలపైకి మళ్లింది. 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 63 శాతం శస్త్రచికిత్స చేయించుకున్నవారు కాగా, పురుషుల శస్త్రచికిత్సపై ఆధారపడిన జంటలు సుమారు 3 శాతమే. ఈ శస్త్రచికిత్సలు చాలావరకు స్త్రీల ఇరవైల తొలినాళ్లలోనే జరిగాయి.

1994 సెప్టెంబరులో కైరో నగరంలో జరిగిన అంతర్జాతీయ జనాభా, అభివృద్ధి సదస్సులో 179 దేశాలు ఒక కార్యాచరణను ఆమోదించాయి. జనాభా లక్ష్యాల స్థానంలో వ్యక్తి హక్కులను, ఆరోగ్యాన్ని నిలపడం దాని సారాంశం. భారతదేశం ఆ స్ఫూర్తితో 1996లో గర్భనిరోధక పద్ధతులవారీ లక్ష్యాలను ఎత్తివేసింది.

అదే 1994లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన పంచాయతీరాజ్ చట్టం మరొక దారి పట్టింది. ఆ చట్టం స్థానిక సంస్థల్లో మూడింట ఒక వంతు స్థానాలను స్త్రీలకు కేటాయించింది. అదే చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవారిని పోటీకి అనర్హులను చేసింది. చట్టం అమలులోకి వచ్చిన ఏడాది తరువాత పుట్టిన సంతానానికి ఈ నిబంధన వర్తించింది. స్త్రీకి రాజకీయ ద్వారం తెరిచిన శాసనమే, ఆ ద్వారం వద్ద ఆమె సంతానాన్ని లెక్కించింది.

ఎందరు పిల్లలను కనాలన్న నిర్ణయం ఆమె చేతిలో లేని కుటుంబాల్లో ఈ నిబంధన భర్త, అత్తమామల నిర్ణయానికి స్త్రీని శిక్షించింది. నిర్మలా బుచ్ నేతృత్వంలో మహిళా చేతన మంచ్ ఆంధ్రప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల్లో జరిపిన అధ్యయనం పదవి కోసం బిడ్డను దాచడం, దత్తతకు ఇవ్వడం, భార్యను వదిలివేయడం, గర్భస్రావం చేయించడం వంటి పరిణామాలను నమోదు చేసింది. 2003లో హర్యానాకు చెందిన జావేద్ కేసులో సుప్రీంకోర్టు ఇటువంటి నిబంధన చెల్లుతుందని తీర్పు చెప్పింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ శాసనసభ చేసిన 2018 పంచాయతీరాజ్ చట్టం కూడా దీనిని కొనసాగించింది.

ఈ లెక్క సంక్షేమ రంగంలోకి కూడా ప్రవేశించింది. 2017 ప్రసూతి సవరణ చట్టం ఇద్దరు పిల్లలున్న స్త్రీకి తరువాతి కాన్పులో పన్నెండు వారాల సెలవునే ఇచ్చింది. అదే ఏడాది జూన్‌లో తెలంగాణలో ప్రారంభమైన కె.సి.ఆర్. కిట్ ఆర్థిక సహాయమూ రెండు కాన్పులకే పరిమితమైంది. మూడవ కాన్పులో తల్లికి కావలసిన విశ్రాంతి, పోషణ మొదటి రెండు కాన్పుల కంటే తక్కువ కాదు. చట్టం మాత్రం తగ్గించింది. ప్రసూతి సెలవు పునరుత్పత్తి హక్కుల్లో భాగమని 2025 మే నెలలో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఈ సందర్భంలో ప్రాముఖ్యం పొందింది.

ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో రద్దు చేసింది. తెలంగాణ మంత్రివర్గం 2025లో అదే నిర్ణయం తీసుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో రద్దుకు చెప్పిన ప్రధాన కారణం సంతాన సాఫల్య రేటు పడిపోవడం. ఒకనాడు జనాభా ఎక్కువైందని పెట్టిన నిబంధన, తక్కువవుతోందని పోయింది. స్త్రీ నిర్ణయం ఆమెదే అన్న కారణం రెండు సందర్భాల్లోనూ ప్రధానం కాలేదు.

6. మునిపల్లి గ్రామాలు: చట్టం లేని చోట శస్త్రచికిత్స

పారిశ్రామికవాడల నుండి ముంబై రహదారి వెంట పడమరకు వెళితే సంగారెడ్డి దాటిన తరువాత మునిపల్లి మండలం వస్తుంది. వైద్యులు ప్రకాశ్ వింజమూరి, ఎస్.వి. కామేశ్వరి ఈ మండల గ్రామాల్లో గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సలను, ముందుగానే ముట్లుడిగిన స్త్రీల ఆరోగ్య స్థితిని అధ్యయనం చేశారు. తెల్లబట్ట, కడుపునొప్పి, అధిక రక్తస్రావం వంటి, చాలావరకు మందులతో నయమయ్యే ఇబ్బందులతో వెళ్లిన యువతులకు కూడా గర్భసంచి తీసివేసిన తీరును వారి కృషి వెలుగులోకి తెచ్చింది. ఎముకల బలహీనత, నడుమునొప్పి, పని చేసే శక్తి తగ్గడం వంటివి తరువాతి పరిణామాలు. కూలిపనిపై ఆధారపడిన స్త్రీకి ఇది ఆరోగ్య నష్టంతో పాటు జీవనోపాధి నష్టం కూడా.

ఈ సమస్య ఒక్క మండలానిది కాదని తరువాతి లెక్కలు చూపాయి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించినవారు దేశంలో 3.2 శాతం కాగా, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఇరవైల్లోనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ పూర్తయిన స్త్రీ విషయంలో గర్భసంచి ఇక అవసరం లేని అవయవమన్న భావన కుటుంబంలోనూ, కొన్ని వైద్యశాలల్లోనూ బలపడింది. సంఖ్యను అదుపు చేయడమే లక్ష్యమైన విధానానికి, ఈ భావనకు మధ్య సంబంధాన్ని కొట్టివేయలేము. పిల్లలు పుట్టడం ఆగిన తరువాత స్త్రీ పునరుత్పత్తి ఆరోగ్యాన్ని పట్టించుకునే సేవలు గ్రామ స్థాయిలో దాదాపు లేవు.

అనవసర శస్త్రచికిత్సలపై ఆందోళన వ్యక్తమైన తరువాత ఆరోగ్యశ్రీ పథకం కింద ఈ శస్త్రచికిత్సను ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేయడం జరిగింది. అది కార్యనిర్వాహక నిర్ణయమే. పథకం వెలుపల సొంత డబ్బుతో చేయించుకునే శస్త్రచికిత్సలకు అది వర్తించదు. ప్రైవేటు వైద్యశాలల నమోదుకు శాసనసభ 2002లో చేసిన చట్టం సౌకర్యాలు, ప్రమాణాలపై దృష్టి పెట్టింది గాని, ఒక శస్త్రచికిత్స నిజంగా అవసరమా అన్న ప్రశ్నను ప్రధానం చేయలేదు. చివరకు డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు, కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుచేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఇక్కడ కూడా శాసనసభ కంటే న్యాయస్థానమే ముందు నడిచింది.

7. ప్రమాదకర పని: లెక్కకు రాని నష్టం

కర్మాగారం లోపలి విషయానికి వస్తే మరొక లోపం కనిపిస్తుంది. 1948 కర్మాగారాల చట్టంలోని 87వ సెక్షను ప్రమాదకర ప్రక్రియల్లో స్త్రీల నియామకాన్ని నిషేధించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. భోపాల్ దుర్ఘటన తరువాత 1987లో వచ్చిన సవరణ కార్మికుల ఆరోగ్య నమోదులు, భద్రతా సంఘాలు, ప్రమాదాన్ని హెచ్చరించే హక్కు వంటి ముఖ్యమైన అంశాలను చేర్చింది.

అయితే వైద్యులు తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయవలసిన వృత్తి వ్యాధుల జాబితాలో ఇరవై తొమ్మిది అంశాలున్నా, గర్భస్రావం, వంధ్యత్వం, శిశువుల పుట్టుక లోపాలు వాటిలో లేవు. సీసం, బెంజీన్ వంటి పదార్థాలు పునరుత్పత్తి వ్యవస్థకు హాని చేస్తాయని వైద్యశాస్త్రం అంగీకరిస్తుంది. ఆ హాని స్త్రీలకే పరిమితం కాదు, పురుషుల వీర్యకణాలపైనా పడుతుంది. చట్టం స్త్రీని ఆ పని నుండి దూరంగా ఉంచడాన్నే రక్షణగా భావించింది. పనిని సురక్షితం చేయడం, జరిగిన హానిని లెక్కించడం అన్న దారులు వెనుకబడ్డాయి. ఫలితంగా ద్రావకాల మధ్య పనిచేసే పురుషుని కుటుంబంలో సంతానలేమి ఏర్పడితే దానిని ఇంటి స్త్రీ లోపంగా చూసే అలవాటుకు ఎదురు నిలిచే ఆధారం కూడా లేకుండా పోయింది.

2025 నవంబరు 21 నుండి కొత్త కార్మిక సంహితలు అమలులోకి వచ్చాయి. తగిన రక్షణ కల్పించి అన్ని రకాల పనుల్లోనూ స్త్రీలను నియమించవచ్చని వృత్తి భద్రతా సంహిత చెబుతుంది. ఉపాధి సమానత్వ దృష్టితో ఇది ముందడుగే. కాని ఆ రక్షణ ఏమిటో, హాని జరిగితే ఎక్కడ నమోదు కావాలో నిర్దిష్టంగా లేకపోతే, నిషేధం తొలగిన చోట ప్రమాదమే మిగులుతుంది. రసాయన పరిశ్రమలే ప్రధానమైన పటాన్‌చెరు వంటి ప్రాంతంలో ఇది తక్షణ ప్రశ్న.

8. చట్టం తరువాత శాసనకర్త బాధ్యత

పై చరిత్రలో చట్టాల కొరత కంటే వాటిని వెంబడించే కృషి కొరతే అధికంగా కనిపిస్తుంది. శాసనకర్తకు అందుబాటులో ఉన్న సాధనాలు తక్కువేమీ కాదు. ప్రశ్నోత్తరాల సమయంలో జిల్లాలోని కర్మాగారాల్లో ఎందరు స్త్రీలు ప్రసూతి ప్రయోజనం పొందారో అడగవచ్చు. ఆరోగ్య పద్దుపై చర్చలో గర్భసంచి తొలగింపులను వయస్సువారీగా సభ ముందుంచమని కోరవచ్చు. లోక్‌సభ సభ్యుని అధ్యక్షతన 2016 నుండి పనిచేస్తున్న జిల్లా అభివృద్ధి సమన్వయ, పర్యవేక్షణ సంఘం జాతీయ ఆరోగ్య మిషన్ అమలును సమీక్షిస్తుంది. ఈ సమీక్షలో కట్టడాలు, నిధుల వినియోగంతో పాటు స్త్రీల శస్త్రచికిత్సల తీరు కూడా చోటు చేసుకోవాలి.

1978లో ఏర్పడిన జనాభా, అభివృద్ధి అంశాల భారత పార్లమెంటు సభ్యుల సంఘం వంటి వేదికలు ఈ విషయాలపై సభ్యులకు అవగాహన కల్పిస్తూ వచ్చాయి. ఆ సంఘం పేరులోనే జనాభా అన్న పదం ముందుండటం ఆనాటి దృష్టికి నిదర్శనం. జిల్లా స్థాయిలో అనుకూలతలు కూడా పెరిగాయి. సంగారెడ్డిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. మునిపల్లి మండలం అందోల్ శాసనసభ నియోజకవర్గంలోనిది. ఆ స్థానం నుండి ఎన్నికైన దామోదర రాజనర్సింహ 2023 డిసెంబరు నుండి రాష్ట్ర ఆరోగ్య మంత్రిగా ఉన్నారు. అధ్యయనం జరిగిన గ్రామాలకు, నిర్ణయం తీసుకునే స్థానానికి ఇంత దగ్గర సంబంధం అరుదు.

9. ముగింపు

సంగారెడ్డి – పటాన్‌చెరు ప్రాంత అనుభవం మూడు అంశాలను స్పష్టం చేస్తుంది. మొదటిది, జనాభా పెరగాలన్నా తగ్గాలన్నా స్త్రీ శరీరాన్నే సాధనంగా చూసే ధోరణి చట్టాల్లో దీర్ఘకాలం కొనసాగింది. రెండవది, హక్కు దృష్టి ప్రధానంగా న్యాయస్థానాల తీర్పుల ద్వారా వచ్చింది. తీర్పు ఒక వివాదాన్ని పరిష్కరిస్తుంది గాని ఆసుపత్రికి నిధులు, కర్మాగారానికి తనిఖీ అధికారిని ఇవ్వలేదు. ఆ పని చట్టసభలదే. మూడవది, లెక్కకు రాని నష్టానికి చట్టంలో పరిహారం ఉండదు. పిల్లలను లెక్కించడంలో శాసనకర్తలు చూపిన శ్రద్ధ, హాజరుపట్టీకి ఎక్కని ప్రసవాలను, అనవసరంగా తొలగించిన గర్భసంచులను, కర్మాగారాల నీడలో జరిగే గర్భస్రావాలను లెక్కించడంలో కనిపించలేదు. ఇద్దరు పిల్లల నిబంధన తొలగిన ఈ దశలో, దాని స్థానంలో మరొక సంఖ్యను నిలపకుండా స్త్రీ అంగీకారాన్ని, ఆరోగ్యాన్ని నిలపడమే శాసనకర్తల ముందున్న కర్తవ్యం.